కొత్త కార్డు పెట్టాక సర్వర్‌లో ఇంటర్‌ఫేస్ పేర్లు మారిపోయాయి, రాయగడ నుంచి అడుగుతున్నాను

నాగావళి_నెట్, రాయగడ

అందరికీ నమస్కారం. రాయగడలో ఒక ప్రైవేటు కాలేజీకి సర్వర్లు చూస్తుంటాను. అందులో గేట్‌వే సర్వర్ ఒకటుంది, డెబియన్ 12 మీద నడుస్తోంది. మదర్‌బోర్డు మీద రెండు పోర్టులు, స్లాట్‌లో నాలుగు పోర్టుల ఇంటెల్ కార్డు. ఆ కార్డు మొదటి పోర్టుకి ఇంటర్నెట్ లైన్, రెండో పోర్టుకి కాలేజీ లోపలి నెట్‌వర్క్.

డిస్క్ చాలడం లేదని విశాఖ నుంచి ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్ఎస్‌డీ డిస్క్) అడాప్టర్ కార్డు తెప్పించి నిన్న రాత్రి ఖాళీ స్లాట్‌లో పెట్టాం. సర్వర్ మామూలుగానే లేచింది. కొత్త డిస్క్ కూడా కనబడింది. నెట్‌వర్క్ మాత్రం పూర్తిగా పోయింది. చూస్తే, ఇన్నాళ్లూ ఈఎన్‌పీ3ఎస్0ఎఫ్0 అని ఉన్న పోర్టు ఇప్పుడు ఈఎన్‌పీ4ఎస్0ఎఫ్0 అయింది. మిగతా మూడూ అలాగే మారాయి. నెట్‌వర్క్ కార్డుని ఎవరూ ముట్టుకోలేదు, కేబుల్ కూడా తీయలేదు. ముట్టుకోని కార్డు పేరు ఎలా మారుతుంది? అడ్మిషన్ల రోజులు, పిల్లలు ఫారాలు నింపడానికి గుణుపూర్, బిస్సంకటక్ నుంచి బస్సెక్కి వస్తారు. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

వంశధార, గుణుపూర్

అన్నా, ముందు ఈ మూడూ పెట్టు. డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్) "రీనేమ్డ్" అని వెతికితే వచ్చే వరుసలు, ఎల్‌ఎస్‌పీసీఐలో (పీసీఐ కార్డుల జాబితా) ఈథర్‌నెట్, ఎన్‌వీఎంఈ వరుసలు, "ఐపీ మైనస్ బీఆర్ లింక్" ఇచ్చినప్పుడు వచ్చేది. అవి చూడకుండా ఏం చెప్పినా ఊహే అవుతుంది.

నాగావళి_నెట్, రాయగడ

ఇవిగో. డీమెసేజ్‌లో: ఐజీబీ (ఇంటెల్ కార్డు డ్రైవర్) 0000:04:00.0 ఈఎన్‌పీ4ఎస్0ఎఫ్0, రీనేమ్డ్ ఫ్రమ్ ఈటీహెచ్2. మిగతా మూడు పోర్టులకీ ఇలాంటి వరుసలే.

ఎల్‌ఎస్‌పీసీఐలో 03:00.0 దగ్గర ఇప్పుడు ఎన్‌వీఎంఈ కంట్రోలర్ ఉంది. ఇంటెల్ కార్డు 04:00.0 నుంచి 04:00.3 వరకు ఉంది. బోర్డు మీది ఈఎన్ఓ1, ఈఎన్ఓ2 మాత్రం ఏమీ మారలేదు.

బరంపురం_మాస్టారు, బరంపురం

బాబూ, జవాబు నువ్వు పెట్టిన వరుసల్లోనే ఉంది. కొంచెం ఓపిగ్గా చదువు, ఇది అర్థమైతే మళ్లీ ఎప్పుడూ కంగారు పడక్కర్లేదు. (ఇక్కడ కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాం. కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.)

లినక్స్ కెర్నెల్ కార్డులు కనబడిన వరుసలో ఈటీహెచ్0, ఈటీహెచ్1 అని పేర్లు పెడుతుంది. ఆ వెంటనే పరికరాల సంగతి చూసే యూదెవ్ అనే ప్రోగ్రామ్ వచ్చి, కార్డు ఎక్కడ కూర్చుందో చూసి ఆ పేరు మారుస్తుంది. డీమెసేజ్‌లో కనబడే "రీనేమ్డ్" వరుస ఆ మార్పే. పేరుని ఇలా చదవాలి. ఈఎన్ అంటే ఈథర్‌నెట్. పీ3 అంటే పీసీఐ బస్ (కార్డులు తగిలే దారి) 3. ఎస్0 అంటే ఆ బస్ మీద పరికరం సంఖ్య. ఎఫ్0 అంటే ఫంక్షన్, అంటే నీ కార్డులో మొదటి పోర్టు. కాబట్టి ఆ పేరు కార్డుది కాదు, కార్డు ఉన్న చోటుది.

మరి కార్డు కదలలేదు కదా అంటావు. స్లాట్ కదలలేదు, బస్ సంఖ్య కదిలింది. బస్ సంఖ్య మదర్‌బోర్డు మీద అచ్చు వేసి ఉండదు. బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ ఒక్కో బ్రిడ్జి దాటుకుంటూ వెళ్లి, వరుసగా సంఖ్యలు ఇస్తుంది. చాలా బోర్డుల్లో ఖాళీ స్లాట్ వెనక ఉన్న రూట్ పోర్టుని దాచేస్తుంది, దానికి సంఖ్య ఇవ్వదు. అందులో కార్డు పెట్టగానే అదీ లెక్కలోకి వస్తుంది. రైలుకి మధ్యలో ఒక బోగీ తగిలిస్తే దాని వెనక బోగీల వరుస మారినట్టు, నీ ఎన్‌వీఎంఈ 3 తీసుకుంది, ఇంటెల్ కార్డు 4కి జరిగింది.

ఈఎన్ఓ1, ఈఎన్ఓ2 మారకపోవడానికి కారణం వేరు. ఓ అంటే ఆన్‌బోర్డ్. బోర్డు మీది పోర్టులకి తయారీదారే ఫర్మ్‌వేర్‌లో ఒక సూచిక సంఖ్య రాసి పెడతాడు. దానికి బస్‌తో పని లేదు. యూదెవ్ ముందు ఆ సూచిక ఉందా అని చూస్తుంది. లేకపోతే ఫర్మ్‌వేర్ స్లాట్ సంఖ్య చెబుతోందా అని చూస్తుంది, చెబితే ఈఎన్ఎస్ అని మొదలయ్యే పేరు పెడుతుంది. అదీ లేకపోతేనే ఈఎన్‌పీ. నీ బోర్డు స్లాట్ సంఖ్య చెప్పడం లేదు, అందుకే ఈఎన్‌పీ వరకు వచ్చింది.

నీ యంత్రంలో ఏ పేర్లకు వీలుందో చూడాలంటే "యూదెవ్ఆడ్మ్ టెస్ట్-బిల్టిన్ నెట్_ఐడీ" అని కొట్టి, పక్కన సిస్ ఫోల్డర్‌లో క్లాస్, నెట్ కింద ఉన్న ఇంటర్‌ఫేస్ దారి ఇవ్వు. ఆన్‌బోర్డ్, స్లాట్, పాత్, మ్యాక్ (కార్డు సొంత అడ్రస్), ఏది దొరికితే అది వరుసగా చూపిస్తుంది.

వంశధార, గుణుపూర్

మాస్టారూ, ఒక సందేహం. మా దగ్గర ఒకే మోడల్ సర్వర్లు రెండు ఉన్నాయి, ఒకే కార్డు, ఒకే స్లాట్. ఒకదాంట్లో ఈఎన్ఎస్1ఎఫ్0, ఇంకోదాంట్లో ఈఎన్‌పీ5ఎస్0ఎఫ్0. ఇదీ ఫర్మ్‌వేర్ వల్లేనా?

బరంపురం_మాస్టారు, బరంపురం

రెండింటి బయోస్ వెర్షన్ చూడు, తేడా ఉండే అవకాశం ఎక్కువ. బయోస్ ఒకటే అయితే రెండింటి సిస్టమ్‌డీ వెర్షన్ చూడు, యూదెవ్ దానిలో భాగమే. పేరు ఎలా కట్టాలన్న నియమాలు సిస్టమ్‌డీలో వెర్షన్ వెర్షన్‌కీ కొద్దికొద్దిగా మారుతూ వచ్చాయి. డెబియన్ 11లో 247, డెబియన్ 12లో 252. పాత నియమాలే కావాలంటే బూట్‌లో కెర్నెల్‌కి ఇచ్చే వరుసలో నెట్.నేమింగ్-స్కీమ్=వీ247 అని ఇవ్వొచ్చు. దూరంగా ఉన్న సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేసేముందు ఇది ఇచ్చుకోవడం మంచి అలవాటు.

జయపురం_సిస్టమ్స్, జయపురం

ఇంత చదువు అక్కర్లేదు గురూ. బూట్ చేయించే గ్రబ్ ఫైల్‌లో నెట్.ఐఎఫ్‌నేమ్స్=0 అని ఒక్క మాట రాసి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చేయండి. పాత ఈటీహెచ్0, ఈటీహెచ్1 వచ్చేస్తాయి. నేను చూసే సర్వర్లన్నింటిలో అదే పెడతాను. బస్ జరిగినా, స్లాట్ జరిగినా గొడవ లేదు. ఆ పొడుగాటి పేర్లు ఫోన్‌లో చెప్పలేం, రాసుకోలేం.

బరంపురం_మాస్టారు, బరంపురం

జయపురం నాయుడుగారూ, మీ అనుభవాన్ని కాదనను. ఒకటే పోర్టు ఉన్న వర్చువల్ మెషీన్‌కి మీ పద్ధతి బాగానే ఉంటుంది. ఈ సర్వర్‌కి మాత్రం పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

ఇందులో ఆరు పోర్టులు ఉన్నాయి. బోర్డు మీది పోర్టుల డ్రైవర్, కార్డు డ్రైవర్ వేరువేరు అయితే, ఏది ముందు లోడ్ అయితే దానికి ఈటీహెచ్0 వెళ్తుంది. బూట్‌లో పనులు పక్కపక్కన నడుస్తాయి కాబట్టి ఈ వరుస రేపు ఇలాగే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కెర్నెల్ మారినా మారొచ్చు. ఇప్పుడు జరిగింది పేరు కనబడకపోవడం, నెట్ ఆగింది, అంతే. వరుస తారుమారైతే పేరు ఉంటుంది, మనిషి మారతాడు. ఇంటర్నెట్ వైపు పెట్టిన ఫైర్‌వాల్ నియమాలు కాలేజీ వైపు పడతాయి, కాలేజీ వైపు సడలింపులు ఇంటర్నెట్‌కి తెరుచుకుంటాయి. నెట్ ఆగిన సంగతి అరగంటలో తెలుస్తుంది. ఇది ఎప్పటికి తెలుస్తుందో చెప్పలేం.

ఈ కష్టం పాతదే. ఒకప్పుడు యూదెవ్ 70-పర్సిస్టెంట్-నెట్ అనే ఫైల్‌లో మ్యాక్ అడ్రస్ రాసుకుని పేరు కాపాడేది. కార్డు మారిస్తే కొత్తదానికి ఈటీహెచ్1 వచ్చి, మనం ఆ ఫైల్ తుడుచుకుని రీబూట్ చేసేవాళ్లం. సెంటోస్ 6 నడిపినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. తర్వాత డెల్ వాళ్లు బయోస్‌డెవ్‌నేమ్ తెచ్చారు, 2011లో ఫెడోరా 15లో ఈఎం1, పీ1పీ1 లాంటి పేర్లు వచ్చాయి. 2013 జనవరిలో సిస్టమ్‌డీ 197తో ఇప్పటి పద్ధతి వచ్చింది. రెడ్‌హ్యాట్ 7లో 2014లో, డెబియన్ 9లో 2017లో అదే మామూలైంది. ఊరికే తెచ్చిపెట్టిన మార్పు కాదిది.

జయపురం_సిస్టమ్స్, జయపురం

సరే మాస్టారూ, గేట్‌వే విషయంలో ఒప్పుకుంటాను. నా దగ్గర చాలావరకు ఒకటే పోర్టు ఉన్నవే. మరి ఈ అబ్బాయి ఏం చేయాలి? కాన్ఫిగ్‌లో 3 తీసి 4 రాస్తే ఇవాళ్టికి గడుస్తుంది. రేపు ఆ ఎన్‌వీఎంఈ కార్డు తీస్తే మళ్లీ ఇదే పాట కదా.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

రాయగడ తమ్ముడూ, ఇప్పటికిప్పుడు ఒక పని చెయ్యి, తర్వాతే మిగతాది. ఇంటర్నెట్ కేబుల్ ఊడదీసి పక్కన పెట్టు. ఆ తర్వాత "ఎన్‌ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్" కొట్టి చూడు. ఫైర్‌వాల్ ఉందా, ఖాళీగా ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ఇంటర్‌ఫేస్‌ని రెండు రకాలుగా రాస్తారు. ఐఐఎఫ్ అని రాస్తే అది ఇంటర్‌ఫేస్ సూచిక సంఖ్యని పట్టుకుంటుంది, కాబట్టి నియమం లోడ్ అయ్యే సమయానికి ఆ పేరుతో ఇంటర్‌ఫేస్ ఉండి తీరాలి. లేకపోతే తప్పు చూపిస్తుంది. ఫైల్ మొత్తం ఒకే లావాదేవీగా లోడ్ అవుతుంది కనక, ఆ ఒక్క వరుస వల్ల ఫైల్ అంతా తిరస్కరిస్తుంది. అంటే సర్వర్‌కి ఫైర్‌వాల్ లేనట్టే. ఐఐఎఫ్‌నేమ్ అని రాస్తే పేరుని అక్షరాలుగా పోలుస్తుంది. ఇంటర్‌ఫేస్ లేకపోయినా లోడ్ అవుతుంది, కాకపోతే పాత పేరుతో దేనికీ తగలదు. అప్పుడు చివర డ్రాప్ పాలసీ ఉంటే అంతా ఆగుతుంది, యాక్సెప్ట్ ఉంటే అంతా పోతుంది.

పేరు మార్చి నెట్ వచ్చింది కదా అని వదిలేసేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకు.

నాగావళి_నెట్, రాయగడ

మేడమ్, కేబుల్ తీసేశాను. మీరన్నట్టే ఉంది. రూల్‌సెట్ పూర్తిగా ఖాళీ. ఎన్‌ఎఫ్‌టేబుల్స్ సర్వీస్ ఫెయిల్ అయి ఉంది, "ఇంటర్‌ఫేస్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని లాగ్‌లో ఉంది. కాన్ఫిగ్‌లో అన్నీ ఐఐఎఫ్ తోనే ఉన్నాయి, ఇది నాకంటే ముందు పనిచేసిన ఏజెన్సీ రాసిన ఫైల్. ఇంటర్నెట్ ఇంటర్‌ఫేస్ లేవకపోబట్టి సరిపోయింది. 3ని 4 చేసి నెట్‌వర్క్ మాత్రం లేపి ఉంటే ఏమయ్యేదో.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

సరే, ఇక నెమ్మదిగా చేద్దాం. పోర్టులకు మన సొంత పేర్లు పెడదాం, ఇంటర్నెట్ వైపు వాన్0, కాలేజీ వైపు ల్యాన్0 అని. సంఖ్యలు ఎలా జరిగినా ఈ పేర్లు జరగవు.

ఒక్కో పోర్టుకి "ఈత్‌టూల్ మైనస్ పెద్ద పీ" ఇచ్చి పర్మనెంట్ మ్యాక్ అడ్రస్ రాసుకో. ఏ పేరు ఏ పోర్టుదో చూసుకోవాలంటే "ఈత్‌టూల్ మైనస్ చిన్న పీ", పేరు, పక్కన 10 అని ఇవ్వు. ఆ పోర్టు లైటు పది సెకన్లు మిణుకుమంటుంది. వెనక్కి వెళ్లి కళ్లతో చూడు, ఊహించుకోవద్దు.

తర్వాత ఈటీసీలో (సెట్టింగులుండే ఫోల్డర్) సిస్టమ్‌డీ, దానిలో నెట్‌వర్క్ ఫోల్డర్‌లో 10-వాన్0 డాట్ లింక్ అని ఒక ఫైల్ పెట్టు. అందులో రెండు భాగాలు. మ్యాచ్ కింద "పర్మనెంట్‌మ్యాక్అడ్రస్=" అని ఆ పోర్టు అడ్రస్. లింక్ కింద "నేమ్=" వాన్0. అంతే. ల్యాన్0కి ఇంకో ఫైల్. ముందు 10 ఎందుకంటే, ఫైళ్లను పేర్ల వరుసలో చూసి మొదట తగిలినదాన్నే తీసుకుంటుంది. సిస్టమ్ ఇచ్చే ఫైల్ 99తో మొదలవుతుంది, మనది దానికంటే ముందుండాలి. నేమ్‌పాలసీ అనే వరుస మన ఫైల్‌లో రాయకు. అది ఉంటే ముందు దాని మాటే వింటుంది, మన పేరు ఆఖరి అవకాశం అవుతుంది.

ఉత్త మ్యాక్అడ్రస్ అని కాకుండా పర్మనెంట్ అని రాయమన్నది కావాలనే. వీల్యాన్, బ్రిడ్జి, బాండ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్‌లు కింది కార్డు మ్యాక్‌నే అరువు తెచ్చుకుంటాయి. ఉత్త మ్యాక్‌తో పోలిస్తే అవీ తగిలి, ఒకే పేరు కోసం రెండు పోటీ పడతాయి. పర్మనెంట్ అడ్రస్ అసలు కార్డుకే ఉంటుంది.

కొత్త పేర్లలో ఈటీహెచ్0 మాత్రం వాడకు. కెర్నెల్ అదే సమయంలో ఇంకో కార్డుకి ఆ పేరు ఇచ్చి ఉంటే రెండూ గుద్దుకుంటాయి.

ఇక చాలామంది ఆగిపోయే చోటు. ఫైల్ పెట్టి రీబూట్ చేస్తే పేరు మారదు, ఎందుకు మారలేదని తల పట్టుకుంటారు. పేరు మార్చే పని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోనే, అంటే అసలు డిస్క్ తెరవకముందే అయిపోతుంది. మన ఫైల్ అందులోకి వెళ్లాలి. డెబియన్, ఉబుంటూల్లో "అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మైనస్ యూ", రెడ్‌హ్యాట్ వైపు "డ్రాకట్ మైనస్ ఎఫ్". ఆ తర్వాతే రీబూట్.

బరంపురం_మాస్టారు, బరంపురం

చాలా చక్కగా చెప్పావమ్మా. ఒక్క మాట కలుపుతాను. రీబూట్‌కి ముందే ఏ లింక్ ఫైల్ తగులుతుందో చూసుకోవచ్చు. ఇందాకటి యూదెవ్ఆడ్మ్ కమాండ్‌లో నెట్_ఐడీ బదులు నెట్_సెటప్_లింక్ అని ఇస్తే, తీసుకున్న ఫైల్ దారి చూపిస్తుంది. 99 చూపిస్తే మన ఫైల్‌లో ఏదో అక్షరం తప్పని అర్థం.

వంశధార, గుణుపూర్

అన్నా, పాత పేరు ఎక్కడెక్కడ ఉందో కూడా వెతుక్కో. "గ్రెప్ మైనస్ ఆర్" పెట్టి ఈటీసీ మొత్తంలో ఈఎన్‌పీ3ఎస్0 వెతికితే చాలావరకు దొరుకుతాయి. ఇంటర్‌ఫేసెస్ ఫైల్, ఎన్‌ఎఫ్‌టేబుల్స్ గుర్తుంటాయి. ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ డిఫాల్ట్ ఫైల్‌లో ఇంటర్‌ఫేస్ పేరు ఇస్తారు, కెర్నెల్ సెట్టింగులు రాసే సిస్‌సీటీఎల్‌లో ఒక్కో ఇంటర్‌ఫేస్‌కి రాసిన వరుసలు ఉంటాయి, అవి మర్చిపోతారు. ఈటీసీ బయట క్రాన్ స్క్రిప్టులు, యూఎస్ఆర్ లోకల్‌లో బ్యాకప్ స్క్రిప్టులు కూడా చూడు.

బల్లార్షా_లైన్, బల్లార్‌పూర్

చంద్రపూర్ జిల్లా నుంచి రాస్తున్నా. అందరూ మ్యాక్‌తో కట్టమంటున్నారు, నాకు ఒక అభ్యంతరం ఉంది, వినండి.

మా దిక్కు బస్ జరగడం కంటే కార్డు కాలిపోవడం ఎక్కువ. వానలు మొదలయ్యే రోజుల్లో పిడుగులు పడతాయి. ఆఫీసు నుంచి గేటు దగ్గరి గదికి, అక్కడి నుంచి తూకం కాటా గదికి రాగి కేబులే లాగి ఉంటుంది. దాని మీదుగా దెబ్బ వచ్చి పోర్టులు పోతాయి. అప్పుడు నేను అక్కడ ఉండను. అక్కడున్న అబ్బాయి పాత కార్డు తీసి, అదే స్లాట్‌లో అదే మోడల్ కొత్తది పెడతాడు. చోటుని బట్టి వచ్చే పేరైతే అలాగే ఉంటుంది, ఒక్క అక్షరం మార్చకుండా సర్వర్ నడుస్తుంది. మ్యాక్‌తో కడితే కొత్త కార్డుని సర్వర్ గుర్తుపట్టదు. రాత్రి పదకొండుకి ఫోన్‌లో ఆ అబ్బాయి చేత మ్యాక్ అడ్రస్ కొట్టించాలి. ఎవరికి ఏ కష్టం ఎక్కువో చూసుకుని కదా పద్ధతి ఎంచుకోవాలి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అన్నా, మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. గజపతి జిల్లాలో మాకూ పిడుగుల బాధ ఉంది. మీలాంటి చోట మ్యాక్ బదులు "పాత్=" తో మ్యాచ్ చేసి సొంత పేరు పెట్టుకోవచ్చు. కార్డు మారినా పేరు నిలుస్తుంది. బస్ జరిగితే మాత్రం ఇబ్బందే, అయితే కొత్త కార్డు చేర్చేటప్పుడు ఎలాగూ తెలిసినవాళ్లే ఉంటారు.

ఇంకో దారి కూడా ఉంది. పర్మనెంట్‌మ్యాక్అడ్రస్ దగ్గర ఒకటి కాదు, ఖాళీ వదులుతూ ఎన్నైనా రాయొచ్చు. స్పేర్ కార్డు కొని అల్మరాలో పెట్టే రోజునే దాని నాలుగు అడ్రస్‌లూ చూసి, ఏ పోర్టుది ఆ పోర్టు ఫైల్‌లో రెండోదిగా రాసేయండి. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అప్పుడే అప్‌డేట్ చేయండి. ఆ తర్వాత అబ్బాయి ఏ రాత్రి కార్డు మార్చినా పేరు అదే వస్తుంది. రెండు కార్డులూ ఒకేసారి పెట్టకూడదు, అంతే నియమం.

బల్లార్షా_లైన్, బల్లార్‌పూర్

ఈ రెండో దారి నాకు తెలియదు అక్కా. ఇదే చేస్తా. స్పేర్ కార్డు డబ్బా మీద "అడ్రస్‌లు రాసేశాం" అని చీటీ కూడా అంటిస్తా. కేబుల్ సంగతి కూడా చెబుతున్నా, భవనాల మధ్య రాగి తీసేసి ఫైబర్ వేయిస్తున్నాం. అసలు రోగం అక్కడుంది.

ప్రాణహిత, సిరొంచ

ఊరు సిరొంచ, ఉద్యోగం హైదరాబాదులో డేటా సెంటర్‌లో. రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది. పేరులో బస్ సంఖ్య దశాంశంలో ఉంటుంది, ఎల్‌ఎస్‌పీసీఐలో హెక్సాలో (పదహారు ఆధారంగా లెక్క) ఉంటుంది. చిన్న సర్వర్లలో 3, 4 కాబట్టి తేడా కనబడదు. పెద్దవాటిలో ఈఎన్‌పీ65ఎస్0ఎఫ్0 అని చూసి ఎల్‌ఎస్‌పీసీఐలో 65 వెతికితే దొరకదు. అక్కడ 41 అని ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు కార్డే లేదని టికెట్ పెడుతుంటారు.

రెండోది, కార్డు చేర్చకపోయినా పేరు మారుతుంది. కెర్నెల్ అప్‌గ్రేడ్ అయ్యాక కొన్ని డ్రైవర్లు పోర్టు పేరు కూడా చెప్పడం మొదలుపెడతాయి. అప్పుడు పేరు చివర ఎన్‌పీ0 చేరుతుంది. ఈఎన్‌పీ65ఎస్0ఎఫ్0 కాస్తా ఈఎన్‌పీ65ఎస్0ఎఫ్0ఎన్‌పీ0 అవుతుంది. ఇక్కడ ఇంకో చిక్కు. లినక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. ఇంగ్లీషులో పాత పేరు 9 అక్షరాలు, చుక్క పెట్టి వీల్యాన్ 100 రాస్తే 13, సరిపోయేది. కొత్త పేరు 12, చుక్కతో 100 కలిపితే 16. వీల్యాన్ పుట్టనే పుట్టదు. పేరు సరిచేశాం కదా, వీల్యాన్లు ఎందుకు రావట్లేదని రాత్రంతా వెతికినవాళ్లు ఉన్నారు. వాన్0 లాంటి పొట్టి పేర్లు పెట్టుకుంటే ఈ బాధ లేదు. వీల్యాన్‌కి వేరే పేరు పెట్టడమైనా ఒక దారే.

కొత్త కెర్నెళ్లలో, 5.5 నుంచి, ఒకే ఇంటర్‌ఫేస్‌కి మారుపేర్లు కూడా ఉంటాయి. "ఐపీ లింక్" ఇస్తే ఆల్ట్‌నేమ్ అని కింద కనబడతాయి. ఐపీ కమాండ్‌కి మారుపేరు ఇచ్చినా పలుకుతుంది. ఫైర్‌వాల్ నియమంలో మాత్రం అసలు పేరే రాయండి.

నాగావళి_నెట్, రాయగడ

సర్వర్ లేచింది. మేడమ్ చెప్పిన వరుసలోనే చేశాను. లైటు మిణుకుమనేలా చేసి చూస్తే కార్డు మీద మొదటి పోర్టు నేననుకున్న వైపే ఉంది. లింక్ ఫైళ్లు పెట్టి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అప్‌డేట్ చేసి, నెట్_సెటప్_లింక్‌తో సరిచూసుకుని రీబూట్ చేశాను. వాన్0, ల్యాన్0 వచ్చాయి. గ్రెప్‌లో సిస్‌సీటీఎల్ ఫైల్ ఒకటి దొరికింది, అది నాకు అసలు తట్టేది కాదు. ఫైర్‌వాల్‌లో ఐఐఎఫ్‌లన్నీ ఐఐఎఫ్‌నేమ్ చేసి, చివరి పాలసీ డ్రాప్ పెట్టాను. రూల్‌సెట్ పూర్తిగా కనబడ్డాకే ఇంటర్నెట్ కేబుల్ పెట్టాను.

క్యాబినెట్ తలుపు లోపల ఒక కాగితం అంటించాను, ఏ పోర్టు ఏది, లింక్ ఫైళ్లు ఎక్కడున్నాయి అని. ఆఫీసు వాళ్లకి ఒడియాలో, నాకూ నా తర్వాత వచ్చేవాళ్లకీ తెలుగులో. ఉదయం నుంచి ఫారాలు నడుస్తున్నాయి. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు.

గోదావరి_ల్యాబ్, ధర్మాబాద్

ఇదే దారంలో నా ప్రశ్న కూడా అడగొచ్చా? నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో పిల్లలకి లినక్స్ నేర్పిస్తాను. వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ మీద ఒక ఉబుంటూ మెషీన్ చేసి, దాన్ని క్లోన్ చేసి పిల్లలకి ఇస్తాను. మూలంలో ఇంటర్‌ఫేస్ ఈఎన్ఎస్18. ఈసారి సెట్టింగుల్లో మెషీన్ రకం క్యూ35 చేశాక ఈఎన్‌పీ6ఎస్18 అయి నెట్ పోయింది. మళ్లీ పాత రకానికి మార్చినా కొన్ని క్లోన్లలో రావడం లేదు. పేరు సరిగ్గానే ఉంది, అడ్రస్ మాత్రం రాదు.

ప్రాణహిత, సిరొంచ

మాస్టారూ, రెండూ వేర్వేరు కారణాలు. మెషీన్ రకం మారిస్తే లోపలి పీసీఐ అమరికే మారుతుంది కాబట్టి పేరు మారడం మామూలే. ఏ రకం కావాలో మూలం చేసేటప్పుడే తేల్చుకుంటే సరిపోతుంది. క్యూ35 ఉంచుకోండి, కొత్త పరికరాలకి అదే మంచిది.

రెండోదానికి ఉబుంటూ నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైల్ తెరిచి చూడండి. మ్యాచ్ కింద మ్యాక్అడ్రస్ అని వరుస ఉందా? క్లోన్ చేసినప్పుడు ప్రాక్స్‌మాక్స్ కొత్త మ్యాక్ ఇస్తుంది, ఫైల్‌లో మాత్రం మూలం మ్యాకే ఉంటుంది. దాంతో ఆ కాన్ఫిగ్ ఏ ఇంటర్‌ఫేస్‌కీ తగలదు. గేట్‌వేకి మ్యాక్ బలం, క్లోన్లకి అదే అడ్డం. పిల్లల మెషీన్లలో ఆ వరుస తీసేసి, మ్యాచ్ కింద నేమ్ దగ్గర "ఈఎన్" పక్కన నక్షత్రం గుర్తు పెట్టండి. ఒకటే పోర్టు కాబట్టి పేరు ఏదైనా తగులుతుంది. మార్చాక "నెట్‌ప్లాన్ ట్రై" వాడండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత కాన్ఫిగ్‌కి తనే వెనక్కి వెళ్తుంది.

ఫైల్ పేరు 50-క్లౌడ్-ఇనిట్ అయితే ఒకసారి ఆగండి. క్లౌడ్-ఇనిట్ మళ్లీ దాన్ని తిరగరాయొచ్చు. ఈటీసీలో క్లౌడ్, దానిలో క్లౌడ్.సీఎఫ్‌జీ.డీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్ కాన్ఫిగ్ డిజేబుల్డ్ అని ఒక ఫైల్ పెట్టి, మీ నెట్‌ప్లాన్ ఫైల్ వేరే పేరుతో రాసుకోండి.

గోదావరి_ల్యాబ్, ధర్మాబాద్

మ్యాక్ వరుస ఉంది బాబూ. తీసేసి నక్షత్రం పెట్టాను, నెట్ వచ్చింది. ఇప్పుడు ఇంకో వింత, రెండు క్లోన్లకి ఒకే ఐపీ వస్తోంది. మ్యాక్‌లు వేరుగానే ఉన్నాయి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అది పేర్ల గొడవ కాదు మాస్టారూ, మెషీన్-ఐడీ. ఉబుంటూలో డీహెచ్‌సీపీ అడిగేటప్పుడు మ్యాక్ బదులు మెషీన్-ఐడీ నుంచి తయారైన గుర్తింపు పంపుతుంది. క్లోన్లన్నింటిలో అది ఒకటే కాబట్టి రౌటర్ అన్నింటినీ ఒకే మెషీన్ అనుకుంటుంది. మూలం మెషీన్‌లో ఈటీసీలో ఉన్న మెషీన్-ఐడీ ఫైల్‌ని ఖాళీ చేసి, ఫైల్ తీసేయకుండా, ఆపేయండి. తర్వాత క్లోన్ చేస్తే ఒక్కోటీ మొదటిసారి లేచినప్పుడు తన ఐడీ తనే తయారుచేసుకుంటుంది. ఇప్పటికే ఇచ్చిన క్లోన్లలో కూడా ఫైల్ ఖాళీ చేసి రీబూట్ చేస్తే చాలు. నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ-ఐడెంటిఫయర్ దగ్గర మ్యాక్ అని రాసినా పని జరుగుతుంది.

గోదావరి_ల్యాబ్, ధర్మాబాద్

ఖాళీ చేసి మళ్లీ క్లోన్ చేశాను. అన్నింటికీ వేర్వేరు ఐపీలు వచ్చాయి. సోమవారం పిల్లల చేత ఈ రెండూ వాళ్ల చేతులతోనే చేయిస్తాను, ముందు క్యూ35కి మార్చి నెట్ పోగొట్టి, తర్వాత డీమెసేజ్ చూసి కారణం చెప్పమంటాను.